పలాస జీడిపప్పు యూనిట్: 150 కిలోవాట్ల సోలార్ కొటేషన్ 60కి ఎలా దిగింది

ఈ యూనిట్‌లో కరెంటు ఖర్చు తగ్గించే పని మొదలయ్యేసరికి యజమాని బల్ల మీద 150 కిలోవాట్ల సోలార్ కొటేషన్ ఉంది. యూనిట్ ఏడాదికి వాడే కరెంటు 2.1 లక్షల యూనిట్లు. ఇక్కడి ఎండకు ఒక కిలోవాట్ ప్యానెల్ ఏడాదికి సుమారు 1,400 యూనిట్లు ఇస్తుంది. ఒకదాన్ని మరోదానితో భాగిస్తే 150 వస్తుంది. లెక్క సరైనదే. కానీ ఆ 2.1 లక్షల యూనిట్లలో మూడో వంతుకు పైగా రెండు రకాల దండగ ఉంది. కరెంటుతో చేయాల్సిన అవసరమే లేని పని ఒకటి. ఏ పనీ చేయకుండానే గాలిలో కలిసిపోతున్నది రెండోది. ఆ దండగను తీయకుండా సోలార్ పెడితే దండగకు కూడా ప్యానెళ్లు కొన్నట్టే. చివరికి పైకప్పు మీదికి ఎక్కింది 60 కిలోవాట్లు. ఆ దారిలో ఏం మారింది, ఎక్కడ తప్పులు జరిగాయి అన్నదే ఈ కేస్ స్టడీ.

పలాసను ఆనుకుని ఉన్న కాశీబుగ్గలోని ఈ యూనిట్ రోజుకు 60 బస్తాల పిక్కలు, అంటే తొక్కతో ఉన్న జీడి గింజలు, ఆడిస్తుంది. ఇక్కడ వ్యాపారమంతా 80 కిలోల బస్తా మీదే నడుస్తుంది కాబట్టి రోజుకు 4.8 టన్నులు. సీజన్‌లో ఉద్దానం పిక్కలు, మిగతా నెలల్లో ఆఫ్రికా నుంచి దిగుమతి అయినవి. 4.8 టన్నుల పిక్కల్లో పప్పు దాదాపు 1.1 టన్నులు, తొక్క దాదాపు 3.3 టన్నులు, మిగిలింది పొట్టు (పప్పు మీది పలుచటి పొర), తేమ. 11 కేవీ కరెంటు సర్వీసు, కాంట్రాక్ట్ డిమాండ్ (కరెంటు సంస్థతో ఒప్పుకున్న గరిష్ఠ లోడు) 120 కేవీఏ. ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకు ఒకటే షిఫ్టు, నెలకు 26 రోజులు. నెల సగటు వాడకం 17,500 యూనిట్లు.

పని వరుస తెలిసిందే. కల్లంలో ఎండబెట్టడం, ఆవిరి కుక్కర్‌లో ఉడికించడం, చల్లారాక కటింగ్, పప్పును బోర్మా అనే వేడిగాలి గదిలో ఆరబెట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగ్, టిన్నుల్లో ప్యాకింగ్. కరెంటు ఏ దశలో ఎంత పోతోందో మాత్రం ఎవరికీ తెలియదు. అన్నిటికీ కలిపి ఒకటే మీటరు. అందుకే మొదటి పనిగా ప్రతి ఫీడరుకూ (ఒక్కో మెషీన్ల గుంపుకు వెళ్లే కరెంటు లైను) చిన్న ఎనర్జీ మీటరు తగిలించి రెండు వారాలు రాసుకున్నాం. ఆ రెండు వారాల పుస్తకమే ఈ పని మొత్తానికి ఆధారం.

కంప్రెసర్లు 38 శాతం, బోర్మా హీటర్లు 27 శాతం. కటింగ్ మెషీన్లు, ఎలివేటర్లు, కన్వేయర్లు కలిపి 15. ఫ్యాన్లు, బ్లోయర్లు 9. కలర్ సార్టర్, ప్యాకింగ్ గది ఏసీ, పంపులు, లైట్లు అన్నీ కలిపి మిగిలిన 11. జీడి యూనిట్ అంటే కటింగ్ మెషీన్ల మోత గుర్తొస్తుంది గానీ బిల్లు పెరిగేది అక్కడ కాదు. మూల గదిలో తిరిగే కంప్రెసర్ దగ్గర.

గాలి దగ్గర మొదలు

పీలింగ్ మెషీన్ అంటే గాలి దెబ్బతో పొట్టు ఊడగొట్టే పెట్టె. కలర్ సార్టర్ కూడా నల్ల గింజను గాలితోనే ఊది పడేస్తుంది. రెండింటికీ గాలి ఇచ్చేవి రెండు 30 హెచ్‌పీ స్క్రూ కంప్రెసర్లు. లీకేజీ కొలవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. భోజన విరామంలో మెషీన్లన్నీ ఆపాలి, లైన్ వాల్వులు తెరిచే ఉంచాలి, ఒక్క కంప్రెసర్‌ను నడపాలి. ఎవరూ గాలి వాడకపోయినా అది లోడ్ అవుతూ (గాలి నింపుతూ) అన్‌లోడ్ అవుతూ (ఊరికే తిరుగుతూ) ఉంటుంది. ఆ సెకన్లు చేతి గడియారంతో రాసుకుంటే చాలు. ఇక్కడ లోడ్ 62 సెకన్లు, అన్‌లోడ్ 98. 62ను 160తో భాగిస్తే 39 శాతం. ఆ కంప్రెసర్ ఇచ్చే గాలిలో అయిదింట రెండు వంతులు ఎవరికీ ఉపయోగపడకుండా పోతోందన్నమాట.

సబ్బు నురగ రాసి వెతికితే 46 చోట్ల లీకులు దొరికాయి. ఎక్కువ భాగం పీలింగ్ మెషీన్ల వెనక పీయూ (ఒక రకం ప్లాస్టిక్) ట్యూబు బిగించే ఫిట్టింగుల దగ్గర. ట్యూబును కత్తెరతో ఏటవాలుగా కోసి దోపితే లోపలి రింగు మీద సరిగా కూర్చోదు, నెల తిరక్కుండా కారుతుంది. ట్యూబ్ కట్టర్‌తో అడ్డంగా, నేరుగా కోయాలి. అన్నిటికంటే పెద్ద లీకు మాత్రం ఫిట్టింగు కాదు. రిసీవర్ ట్యాంకు కింద నీళ్లు వదిలే వాల్వు. నీళ్లు తీయడం మర్చిపోతామని దాన్ని ఎప్పుడూ కొంచెం తెరిచే ఉంచేవారు. 7 బార్ల గాలి ఒత్తిడి దగ్గర 3 మిల్లీమీటర్ల కంత చాలు, 3 నుంచి 4 కిలోవాట్లు తినేస్తుంది. అక్కడ నీటి మట్టాన్ని బట్టి తెరుచుకునే ఆటో డ్రెయిన్ పెట్టాం. టైమర్ రకం చవక, కానీ నీళ్లు లేకపోయినా గాలి వదులుతుంది.

తరువాత ప్రెషర్. కంప్రెసర్ 7.5 బార్ల దగ్గర సెట్ అయి ఉంది, చివరి మెషీన్ దగ్గర కొలిస్తే 5.6. మధ్యలో రెండు బార్లు అంగుళం పైపే మింగేస్తోంది. మెయిన్ లైన్‌ను రెండంగుళాలకు మార్చి, రెండు చివరలు కలిపి రింగుగా చేసి, పీలింగ్ షెడ్డు దగ్గర 1,000 లీటర్ల ట్యాంకు ఒకటి అదనంగా పెట్టాక కంప్రెసర్‌ను 6.2కు దించినా చివరి మెషీన్‌కు 5.8 అందింది. ఒక బార్ తగ్గిస్తే కంప్రెసర్ వాడకం 6, 7 శాతం తగ్గుతుంది. ఒక హెచ్చరిక: పైపు మార్చకుండా ప్రెషర్ మాత్రమే తగ్గిస్తే పొట్టు సరిగా ఊడదు, పప్పు రెండోసారి మెషీన్‌లోకి వెళ్తుంది, ఆ రెండో దెబ్బకు గుండు (పూర్తి పప్పు) బద్దవుతుంది. కరెంటులో మిగిలిన రూపాయికి పప్పులో పది పోతాయి.

నెలకు 6,650 యూనిట్లు తాగే కంప్రెసర్లు 4,300 దగ్గరికి వచ్చాయి. లీకేజీ 14 శాతానికి దిగింది. దాన్ని సున్నా చేయడం ఎవరి తరమూ కాదు. 15 దాటకుండా నెలకోసారి భోజన విరామంలో అదే పరీక్ష చేస్తే చాలు.

తొక్క ఉండగా హీటరెందుకు

బోర్మాలు రెండు, ఒక్కోదానిలో 18 కిలోవాట్ల హీటర్లు. రోజుకు 182 యూనిట్లు. అదే ప్రాంగణంలో, వంద అడుగుల అవతల, రోజూ 3.3 టన్నుల తొక్క గుట్ట పడుతోంది. కిలోకు దాదాపు 4,700 కిలోక్యాలరీల వేడి ఉన్న సరుకు. హీటర్లు పెట్టడానికి ఓ కారణం ఉంది, కాదనలేం. కట్టెల పొయ్యితో నడిచే పాత బోర్మాలో వేడి నిలకడగా ఉండదు, పప్పు ఎర్రబడుతుంది. హీటరైతే థర్మోస్టాట్ చూసుకుంటుంది. ఆ నిలకడను వదులుకోకుండా వేడిని మాత్రం తొక్క నుంచి తీసుకోవడమే ఇక్కడి పని.

బాయిలర్ నుంచి 3.5 బార్ల ఆవిరి లైను బోర్మాల దగ్గరికి లాగి, హీటర్ల స్థానంలో ఫిన్ ట్యూబ్ (రెక్కలున్న గొట్టాల) కాయిల్ పెట్టాం. ఆవిరి 148 డిగ్రీల దగ్గర ఉంటుంది, బోర్మా గాలికి కావాల్సింది 70 నుంచి 75. కాయిల్‌కు ముందు కంట్రోల్ వాల్వు, వెనుక ఆవిరిని ఆపి నీళ్లను మాత్రం వదిలే ఫ్లోట్ ట్రాప్ ఉండాలి. ఈ ట్రాప్ దగ్గరే మొదటి తప్పు జరిగింది. ఫిట్టర్ చేతికి దొరికిందని థర్మోడైనమిక్ ట్రాప్ బిగించాడు. అది ఆవిరి లైనులో నీళ్లు వదలడానికి బాగుంటుంది గానీ, వాల్వు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే కాయిల్‌కు పనికిరాదు. కాయిల్ కింది సగం నీళ్లతో నిండి చల్లగా, పై సగం వేడిగా ఉండిపోయింది. పై ట్రేల పప్పు ఎర్రబడి స్కార్చ్‌డ్ (మాడిన పప్పు) గ్రేడులోకి దిగింది, కింది ట్రేల పప్పులో తేమ 5 శాతం దగ్గరే ఆగింది. ఫ్లోట్ ట్రాప్ వేసి, గాలి లోపలికి వచ్చే చోట అడ్డుపలకలు పెట్టి, రెండు గంటలకోసారి ట్రేలు తారుమారు చేసే పద్ధతి పెట్టాక తేడా పోయింది.

బోర్మాకూ కంప్రెసర్‌కూ సంబంధమేమిటని అనిపించవచ్చు. ఉంది. పప్పు తేమ 3 శాతం దరిదాపులకు దిగితేనే పొట్టు ముడుచుకుని వదులవుతుంది. తడిగా వెళ్తే గాలి ఎక్కువసేపు కొట్టాలి. బోర్మా సరిగ్గా ఆరబెట్టిన రోజున కంప్రెసర్ మీటరు కూడా తగ్గడం రాతపుస్తకంలో కనబడింది.

బోర్మాల వాడకం నెలకు 4,725 యూనిట్ల నుంచి 700కు దిగింది. మిగిలింది బ్లోయర్లదే. రోజుకు తగ్గిన 155 యూనిట్ల వేడిని తొక్కలోకి మారిస్తే, పైపుల నష్టంతో కలిపి 60 కిలోలు. అంతే. 3.3 టన్నుల్లో 60 కిలోలు.

అయితే బాయిలర్‌కు ఉన్న పాత పొయ్యి మీదే ఈ భారం వేయలేదు. ఆ పొయ్యే ఈ యూనిట్‌కు అసలు రోగం.

జీడి తొక్కలో బరువుకు 20 నుంచి 25 శాతం దాకా జీడి నూనె ఉంటుంది. పచ్చి తొక్కను చల్లటి పొయ్యిలో గుట్టగా పోస్తే ఆ నూనె మండకుండా ఆవిరై పొగగా పోతుంది. కళ్లు మండే ఆ నల్లపొగ నిజానికి మండాల్సిన ఇంధనమే. చిమ్నీలో చల్లబడిన చోట తారులా పేరుకుంటుంది, ఏదో ఒక రోజు అక్కడే అంటుకుంటుంది. ఇక్కడ పాత పద్ధతి: చదునైన గ్రేటు (తొక్క మండే ఇనుప చట్రం), తలుపు తెరిచి ఒక్కసారి 25 కిలోలు కుమ్మరించడం, అరగంట తరువాత మళ్లీ. పొగగొట్టంలో ఉష్ణోగ్రత 340 డిగ్రీలు, ఆక్సిజన్ 15 శాతం. అంటే అక్కరలేని గాలిని వేడి చేసి ఆకాశానికి పంపుతున్నారు. ఉడికించడానికే రోజుకు 260 కిలోల తొక్క అయ్యేది, సామర్థ్యం 45 శాతం దాటేది కాదు.

మార్చినవి: మెట్ల గ్రేటు, పైన వేడిని కిందికి తిప్పే ఫైర్ బ్రిక్ ఆర్చి, మంట పైభాగంలో చుట్టూ 25 మిల్లీమీటర్ల నాజిళ్లు 18. వాటి గుండా మొత్తం గాలిలో మూడో వంతు రెండో విడతగా, పొగగొట్టం చుట్టూ తిరిగి వేడెక్కి వస్తుంది. నూనె ఆవిరి ఆ గాలితో కలిసి 850 డిగ్రీల పైన మండితేనే పొగ తగ్గుతుంది. తొక్క వేసే పద్ధతి కూడా మార్చాం. ఆరేడు నిమిషాలకు 4 కిలోలు. దీనికి ఫైర్‌మన్ ఒప్పుకోవడమే అన్నిటికంటే కష్టం, ఎందుకంటే మధ్యలో అరగంట కునుకు పోయింది. చిన్న హాపరు, స్క్రూ ఫీడరు పెట్టాకే గొడవ తీరింది.

పొద్దున పొయ్యి రాజేసే మొదటి 40 నిమిషాలే ఎక్కువ పొగ. అందుకే ఆ సమయంలో పచ్చి తొక్క వేయరాదు. నూనె మిల్లు నుంచి తిరిగి వచ్చిన నూనె తీసిన చెక్కతో మొదలుపెట్టి, ఇటుకలు ఎర్రబడ్డాక తొక్క. పొగగొట్టం ఉష్ణోగ్రత 210కి వచ్చింది. 180 కంటే కిందికి దించితే లాభమనుకుంటే పొరపాటు. తారు పేరుకోవడం మళ్లీ మొదలవుతుంది. బోర్మా కాయిల్ నుంచి వచ్చే వేడి నీటిని ఫీడ్ ట్యాంకుకు తిప్పితే బాయిలర్‌కు వెళ్లే నీరు 30 నుంచి 70 డిగ్రీలకు చేరింది. ప్రతి 6 డిగ్రీలకు ఇంధనంలో ఒక శాతం మిగులు. అన్నీ కలిసి, బోర్మాల భారం మీద పడ్డాక కూడా, రోజుకు 235 కిలోల తొక్క సరిపోతోంది. మునుపటి కంటే పని ఎక్కువ, తొక్క తక్కువ. మిగిలిన తొక్కంతా ఎప్పటిలాగే నూనె మిల్లుకు.

సోలార్ ఎంత, ఎక్కడ

చిన్నాచితకా మోటార్లు, ఐడీ ఫ్యాన్ (పొయ్యి పొగను లాగే ఫ్యాన్)కు వీఎఫ్‌డీ (అవసరాన్ని బట్టి వేగం మార్చే పరికరం) కలిపి మరో 425 తగ్గితే నెలకు 10,700 యూనిట్లు నిలిచింది. పని గంటల్లో సగటు లోడు 41 కిలోవాట్లు. ఇప్పుడు సోలార్ లెక్క మళ్లీ మొదలు. ఏడాది వాడకమంతా సోలార్‌తో నింపాలంటే 90 కిలోవాట్లు కావాలి, కానీ మధ్యాహ్నం అది ఇచ్చేది 70, యూనిట్ తినేది 41. మిగిలినది గ్రిడ్‌కు పోయి లెక్కల్లో సర్దుబాటు కావాలి. ఎగుమతి యూనిట్‌కు వచ్చే విలువ నియమాలను బట్టి మారుతుంది. లోపలే వాడుకున్న యూనిట్‌కు మాత్రం గ్రిడ్ నుంచి కొనే ధర మిగులుతుంది. అందుకే 60. పని రోజుల్లో దాదాపు అంతా లోపలే ఖర్చవుతుంది, ఆదివారాల ఉత్పత్తి మాత్రమే బయటికి పోతుంది.

540 వాట్ల ప్యానెళ్లు 112. పదహారేసి చొప్పున 7 స్ట్రింగులు (వరుసగా కలిపిన గుంపులు), ప్యానెళ్ల డీసీని ఏసీగా మార్చే 50 కిలోవాట్ల ఇన్వర్టరు ఒకటి. ప్యానెల్ ఓపెన్ వోల్టేజి (లోడు లేనప్పటిది) 49.5 కాబట్టి స్ట్రింగు 792 వోల్టులు. జనవరి చలి పొద్దుల్లో కొంచెం పెరిగినా 1,000 వోల్టుల పరిమితికి చాలా దిగువనే ఉంటుంది. ఎండాకాలం ప్యానెల్ 65 డిగ్రీలకు వేడెక్కినప్పుడు పని వోల్టేజి 570 దాకా పడిపోతుంది, ఇన్వర్టరు పరిధి అది కూడా చూసి ఎంచుకోవాలి.

మొదటి కొటేషన్‌లో ప్యానెళ్లను కల్లం మీద ఎత్తు స్టాండ్ల పైన చూపించారు. జాగా ఖాళీగా కనబడింది మరి. పిక్కలు ఎండాల్సిన కల్లం మీద నీడ వేస్తే పిక్క తేమ దిగదు, నిల్వలో బూజు పడుతుంది. షెడ్ల సిమెంటు రేకుల మీద కాలు పెట్టడానికే లేదు. మిగిలింది గోడౌన్ శ్లాబు, 5,200 చదరపు అడుగులు. సరిపోయింది.

ఇక తుపాను గాలి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటింది ఈ పలాస దగ్గరే. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఉధృతి 165 దాకా. ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు నేలకూలిన సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. కట్టడాలపై గాలి భారానికి భారత ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం ఈ తీరానికి సెకనుకు 50 మీటర్ల గాలి, అంటే గంటకు 180 కిలోమీటర్లు. తూర్పు తీరంలో 60 కిలోమీటర్ల లోపలి పారిశ్రామిక కట్టడాలకు తుపాను గుణకం 1.15 కూడా కలపాలి, 57.5 మీటర్లు. ఒత్తిడి గాలి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 1,500 పాస్కల్ కాస్తా 1,980 అవుతుంది. ఒక ప్యానెల్ వైశాల్యం 2.58 చదరపు మీటర్లు, ఒత్తిడి గుణకం ఒకటి అనుకున్నా గాలి దాన్ని 520 కిలోల బలంతో పైకి లాగుతుంది. ప్యానెల్ బరువు 28 కిలోలు.

వెండర్ డ్రాయింగులో శ్లాబు మీద ఊరికే పెట్టిన 400 మిల్లీమీటర్ల కాంక్రీటు దిమ్మలు ఉన్నాయి. ఒక్కో దిమ్మ 154 కిలోలు. మామూలు రోజుల్లో కదలవు. తుపానులో ప్యానెల్ ఆ దిమ్మతో సహా ఎగిరి పక్క షెడ్డు మీద పడుతుంది. అందుకే శ్లాబు పైపూత చెక్కి, బీముల మీద 12 మిల్లీమీటర్ల కమ్మీలు రసాయన బిగింపుతో దించి, వాటి చుట్టూ దిమ్మ పోశాం. చెక్కిన చోట నీటి చెమ్మ దిగకుండా మళ్లీ పూత వేయకపోతే రెండో వానాకాలానికి కింద బస్తాలు తడుస్తాయి. వాలు 10 డిగ్రీలే. ఇక్కడి అక్షాంశం దాదాపు 19 కాబట్టి 15 పెడితే ఉత్పత్తి ఒక పిసరు పెరుగుతుంది గానీ గాలికి ఎదురొడ్డే తలం కూడా పెరుగుతుంది. స్టాండు 80 మైక్రాన్ల జింకు పూతతో హాట్ డిప్ గాల్వనైజ్డ్, బోల్టులు ఎస్‌ఎస్ 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. ప్యానెళ్లకు ఉప్పుగాలి పరీక్ష ఐఈసీ 61701 సర్టిఫికెట్ అడిగి తీసుకోవాలి. సైటులో స్టాండును కోసి, కంతలు వేసి, వెండి రంగు పూసి ఇచ్చే అలవాటుంది. ఉప్పుగాలిలో అది ఏడాది ఆగదు. కోతలన్నీ గాల్వనైజింగ్‌కు ముందే అయిపోవాలి.

ఎర్త్ గుంటలు డీసీ, ఏసీ, పిడుగు కడ్డీకి వేర్వేరు. ఎర్ర ఇసుక నేలలో మొదటి గుంట 14 ఓములు చూపింది. బెంటొనైట్ మట్టి నింపి, పక్కన ఇంకో రాడ్డు కలిపితే 5 కిందికి వచ్చింది.

ప్యానెళ్ల మీద జిడ్డు

పొయ్యి ముందు, సోలార్ తరువాత అని పట్టుబట్టడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. చిమ్నీ గోడౌన్‌కు దక్షిణాన ఉంది. వేసవిలో పైరగాలి మొదలైతే పొగంతా నేరుగా ప్యానెళ్ల మీదికే వస్తుంది. జీడి పొగలోని జిడ్డు దుమ్ములాంటిది కాదు, వానకు పోదు, మామూలు నీళ్లకు పోదు. పొయ్యి మార్పు ముగియక ముందే నమూనాగా రెండు ప్యానెళ్లు పైన పెట్టి, ఒకటి రోజూ తుడుస్తూ ఒకటి వదిలేస్తే మూడు వారాలకు తేడా 11 శాతం. పొయ్యి మారాక అదే పరీక్షలో 4. ఆ నాలుగులో పక్క యూనిట్ల పొగకూ వాటా ఉంది, దానికి ఈ ప్రహరీ లోపల మందు లేదు.

కడగడం పది రోజులకోసారి, పొద్దున 7 లోపు. గోరువెచ్చని నీటిలో తక్కువ ఘాటున్న లిక్విడ్ సబ్బు, మెత్తటి బ్రష్షు, తరువాత మంచి నీళ్లు. ఎండెక్కాక చల్లటి నీళ్లు కొడితే అద్దమో, దాని లోపలి సోలార్ సెల్సో పగుళ్లివ్వవచ్చు. టీడీఎస్ 500 దాటిన బోరు నీళ్లతో కడిగితే జిడ్డు పోయి తెల్ల మచ్చలు వస్తాయి.

బిల్లు తగ్గాల్సినంత తగ్గలేదు

సోలార్ మొదలైన నెలలో ఇన్వర్టరు మీటరు 6,900 యూనిట్లు చూపింది. బిల్లు మాత్రం అంత దిగలేదు. మీటరు తప్పని అందరికీ అనుమానం. మీటరుది తప్పు కాదు. ఈ సర్వీసుకు బిల్లు కేవీఏహెచ్‌లో వస్తుంది, అంటే పని చేసే కరెంటుతో (కిలోవాట్లు) పాటు మోటార్లు అయస్కాంతం కోసం లాగే రియాక్టివ్ కరెంటు (కేవీఏఆర్) కూడా లెక్కలోకి వస్తుంది. కిలోవాట్లకూ మొత్తం కేవీఏకూ ఉన్న నిష్పత్తే పవర్ ఫ్యాక్టర్. మధ్యాహ్నం లోడు 46 కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్ 0.95 అనుకుందాం. మోటార్లు అడిగే రియాక్టివ్ 15 కేవీఏఆర్, మొత్తం 48.4 కేవీఏ. సోలార్ 40 కిలోవాట్లు ఇస్తే గ్రిడ్ నుంచి రావాల్సింది 6 కిలోవాట్లే, కానీ ఆ 15 కేవీఏఆర్ యథాతథం. మీటరు చూసేది 16.3 కేవీఏ, పవర్ ఫ్యాక్టర్ 0.37. సోలార్ 40 ఇస్తే బిల్లులో తగ్గింది 32. ప్రతి అయిదు యూనిట్లలో ఒకటి ఇలా జారిపోతోంది.

కెపాసిటర్లతో పవర్ ఫ్యాక్టర్‌ను సరిదిద్దే ఏపీఎఫ్‌సీ ప్యానెల్ ఉంది, పని చేస్తోంది కూడా. కానీ దాని సీటీ (కరెంటు కొలిచే సెన్సరు) సోలార్ కలిసే చోటుకు లోడు వైపున ఉంది. అది చూసేది 46 కిలోవాట్లూ 0.95, దాని లెక్కలో అంతా బాగున్నట్టే. సీటీని ట్రాన్స్‌ఫార్మర్ వైపుకు, సోలార్ కలిసే బిందువుకు ముందుకు జరిపి, 10 కేవీఏఆర్ మెట్లకు తోడు 2, 3, 5 చిన్న మెట్లు కలిపి, లక్ష్యం 0.99కు పెట్టాం. ఆదివారం కరెంటు వెనక్కి పోతున్నప్పుడు పాత రిలేలు తికమకపడి కెపాసిటర్లన్నీ లోపలికి లాగుతాయి, కాబట్టి కరెంటు లోపలికి వచ్చినా బయటికి పోయినా సరిగా చదివే (ఫోర్ క్వాడ్రంట్) రిలే తప్పనిసరి. మీటరు లీడింగ్‌ను (కెపాసిటర్లు ఎక్కువైనప్పటి స్థితి) కూడా లెక్కించే రకమైతే కెపాసిటర్లు ఎక్కువైనా తక్కువైనంత నష్టమే. సోలార్ కొటేషన్లలో ఈ మార్పు ఎక్కడా కనబడదు, అడిగి రాయించుకోవాలి.

డిమాండ్ చార్జీ సంగతి వేరు. మబ్బు పట్టిన ఒక్క అరగంట చాలు, సోలార్ ఉన్నా గరిష్ఠ డిమాండ్ మునుపటిలాగే నమోదవుతుంది. సోలార్ తగ్గించలేనిదాన్ని బోర్మా తగ్గించింది. 36 కిలోవాట్ల హీటర్లు పోవడంతో 108 కేవీఏ వచ్చే గరిష్ఠం 72కు దిగింది. నమోదైన డిమాండ్, కాంట్రాక్ట్‌లో 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే బిల్లు. కాంట్రాక్ట్ 120గానే ఉంచేస్తే 96కు కట్టాలి. అందుకని ఒప్పంద గడువు చూసుకుని 90కి తగ్గించుకున్నారు, దానిలో 80 శాతం 72. 108 నుంచి 72కు తగ్గిన 36 కేవీఏకు, కేవీఏకు రూ. 475 లెక్కన, నెలకు రూ. 17,100 మిగులు. ఇది పైకప్పు మీద ఒక్క ప్యానెల్ లేకపోయినా వచ్చే డబ్బు.

జనరేటర్ దగ్గర మాత్రం చేసిన పొదుపు సరికాదు. గ్రిడ్ పోతే ఇన్వర్టరు తనంతట తాను ఆగుతుంది, లైను మీద పనిచేసే మనిషి ప్రాణం కోసం ఆ ఏర్పాటు. డీజిల్ జనరేటర్ నడిచేటప్పుడు సోలార్‌ను కలపాలంటే జనరేటర్ మీద కనీసం 30 శాతం లోడు నిలిపే కంట్రోలరు కావాలి, లేకపోతే కరెంటు జనరేటర్‌లోకే ఎదురు తన్నుతుంది. ఖర్చని దాన్ని వదిలి, జనరేటర్ బ్రేకరు పడగానే సోలార్ విడిపోయేలా ఇంటర్‌లాక్ మాత్రమే పెట్టారు. రోజుకు అరగంట కోతకు ఇది చాలు. తుపాను తరువాత స్తంభాలు లేచేదాకా రోజుల తరబడి డీజిల్ మీద నడవాల్సి వస్తే, 125 కేవీఏ జనరేటర్ కింద 30 కిలోవాట్లు ఉంచి మిగతాది సోలార్ మోసే అవకాశం పోయింది. ఉన్న జనరేటర్ ఈ లోడుకు పెద్దది కావడం అసలు చిక్కు. దాన్ని మార్చేటప్పుడు ఇంతకంటే చిన్నది తీసుకుని కంట్రోలరు కలపాలన్నది రాసి ఉంచిన మాట.

ఖర్చుల సంగతి. గాలి లైన్లకు రూ. 3.4 లక్షలు, పొయ్యి, బోర్మాలకు 11 లక్షలు, సోలార్‌కు 29 లక్షలు. సోలార్ ఖర్చులో తుపాను గాలికి నిలిచే స్టాండు, దిమ్మల అదనపు ఖర్చే 3.5 లక్షలు. ఈ బిల్లులో యూనిట్‌తో పాటు పెరిగే భాగం రూ. 7.50 చొప్పున చూస్తే, గాలి పని 20 నెలల్లో, పొయ్యి, బోర్మా మూడేళ్లలో, సోలార్ నాలుగున్నర నుంచి అయిదేళ్లలో తిరిగి వస్తాయి. డిమాండ్ చార్జీలో మిగిలినది కలపకుండానే. మొదటి ఏడాది సోలార్ ఇచ్చింది 81,200 యూనిట్లు, అంచనా కంటే 3,500 తక్కువ. జూలై, ఆగస్టు మబ్బులు కొంత, పవర్ ఫ్యాక్టర్ పని చేస్తూ ఆపిన రోజులు కొంత.

తుపానుల కాలం అక్టోబర్‌లో ముమ్మరం. అందుకే సెప్టెంబర్ ఆఖరి వారం ఒక రోజు పైకప్పుకే కేటాయించారు. టార్క్ రెంచితో ప్రతి క్లాంపూ బిగింపు చూడాలి, వదులైన దాని మీద రంగు గీత పెట్టి వారం తరువాత మళ్లీ చూడాలి. శ్లాబు మీద పాత ట్రేలు, టార్పాలిన్లు, విరిగిన రేకులు ఒక్కటీ మిగలకూడదు. గాలికి ఎగిరొచ్చిన రేకు దెబ్బకు కూడా ప్యానెళ్లు పగులుతాయి. హెచ్చరిక రాగానే ఏసీ వైపు ముందు, డీసీ ఐసొలేటర్లు తరువాత ఆపాలి. గాలి తగ్గాక ఎండ రాగానే ఆన్ చేయరాదు. ప్రతి స్ట్రింగుకూ ఇన్సులేషన్ కొలిచి, ఒక మెగాఓమ్ దాటిన వాటినే కలపాలి. తక్కువ చూపిన స్ట్రింగును విడిగా ఉంచి, కనెక్టర్లలో నీళ్లు ఆరాక మర్నాడు మళ్లీ కొలవాలి.